వైద్య విద్యార్థులు కుర్చీ వదలాలంటే టైమ్‌టేబుల్ మారాలి: వైద్య విద్యా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం.

వైద్య విద్యార్థులు మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం కూర్చునే గడుపుతున్నారు. ఉదయం ఒకే హాల్లో, కదలని బెంచీల మీద వరస లెక్చర్లు. మధ్యాహ్నం సెమినార్. సాయంత్రం నుంచి పొద్దుపోయేదాకా లైబ్రరీలోనో, హాస్టల్ గదిలోనో పుస్తకం ముందు. పీజీ ప్రవేశ పరీక్షకు చదివే ఏడాదిలో వార్డుల్లో తిరగడం కూడా తగ్గిపోయి, వీడియో పాఠాల ముందే గంటలు గడుస్తాయి.

మేము మెడికల్ కాలేజీల్లో ఫిజియాలజీ, కమ్యూనిటీ మెడిసిన్, ఫిజియోథెరపీ బోధించేవాళ్లం. మీకు విన్నవించేది ఒక్కటే. పిల్లలు బద్ధకించి కూర్చోవడం లేదు, టైమ్‌టేబుల్ కూర్చోబెడుతోంది. కాబట్టి మార్పు టైమ్‌టేబుల్‌లో, గదుల్లో, గంటల్లో రావాలి. అది మీ ఉత్తర్వుతోనే సాధ్యం.

ఈ సంగతి వైద్యశాస్త్రానికి కొత్త కాదు. లండన్ రెండంతస్తుల బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి బ్రిటిష్ వైద్య పరిశోధకుడు జెరెమీ మోరిస్ 1953లో ప్రచురించిన అధ్యయనంలో, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వారి యూనిఫాం కొలతలు చూసి, డ్రైవర్ల నడుము ముందునుంచే లావుగా ఉందని ఆయనే తర్వాత గుర్తించారు, కనుక తేడా మొత్తాన్నీ మెట్లకే కట్టబెట్టలేం. మాకు పనికొచ్చే విషయం వేరే ఉంది. కండక్టర్లు ఎవరో చెబితే వ్యాయామం చేయలేదు. వాళ్ల పనే వాళ్లను కదిలించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ గానీ చేయాలి. వారంలో కనీసం రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం ఉండాలి. వీటితోపాటు కూర్చునే సమయం తగ్గించుకోవాలి. ఆఖరి మాటను చాలామంది వదిలేస్తారు. పది లక్షల మందికి పైగా ప్రజల సమాచారాన్ని కలిపి 2016లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణ చూడండి. రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారిలో అదనపు మరణ ప్రమాదం దాదాపు కనిపించకుండా పోయింది రోజుకు 60 నుంచి 75 నిమిషాలు మధ్యస్థ శ్రమ చేసేవారిలోనే. అంత తీరిక వైద్య విద్యార్థికి రోజూ దొరకదు. అందుకే జిమ్ ఒక్కటీ కట్టి ఊరుకుంటే సరిపోదు, కూర్చోవడాన్ని మధ్యమధ్యలో తెంపాలి.

లెక్చర్‌తో మొదలుపెట్టండి. యాభై నిమిషాల పాఠంలో ఇరవై ఐదో నిమిషం దగ్గర రెండు నిమిషాలు అందరూ లేవాలి. ప్రతి ఇరవై నిమిషాలకు రెండేసి నిమిషాలు నడిచినప్పుడు భోజనానంతర గ్లూకోజ్, ఇన్సులిన్ పెరుగుదల తగ్గిందని ఆస్ట్రేలియాలో 2012లో చూపారు. అది అధిక బరువున్న కొద్దిమంది మీద చేసిన ప్రయోగం. ఫలితం విద్యార్థులకు అంతే స్థాయిలో వర్తిస్తుందని అనడం లేదు గానీ, దిశ స్పష్టంగానే ఉంది.

ఈ విరామం మొదటి వారం సాగి రెండో వారానికి మాయమవుతుంది. సిలబస్ పూర్తి కాలేదన్న కంగారులో అధ్యాపకులు ముందు కోసేది దీన్నే. అందుకని దీన్ని పాఠం నుంచి విడదీయకూడదు. స్లైడ్ల మధ్య ఒక కేసు ప్రశ్న పెట్టి, పక్కవారితో నిలబడి చర్చించి జవాబు చెప్పమనాలి. అప్పుడు విరామమూ పాఠంలో భాగమే అవుతుంది. బెంచీకీ డెస్కుకీ మధ్య నిలబడే చోటు లేని పాత హాళ్లలో వరస చివరివాళ్లు ముందు మెట్ల మీదికి రావాలి, లేకపోతే మధ్యలోవాళ్లు కదలలేరు.

హాలు వెనుక, పక్క గోడల వెంట నిలబడి రాసుకునే ఎత్తైన డెస్కులు వేయించండి. పది సీట్లకు రెండు చాలు. నిలబడి రాసే బల్ల మోచేయి ఎత్తులో ఉండాలి, మనిషి పొడవును బట్టి అది సుమారు 95 నుంచి 113 సెంటీమీటర్లు. తిప్పి ఎత్తు మార్చే బల్లలు ఉమ్మడి వాడకంలో త్వరగా పట్టేస్తాయి. వాటి బదులు 100, 110 సెంటీమీటర్ల స్థిరమైన బల్లలు చెరి సగం పెట్టడం మేలు. కింద 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఒక అడ్డకమ్మీ ఉంటే కాళ్లు మార్చి మార్చి ఆనించుకోవచ్చు, నడుము మీద భారం తగ్గుతుంది. ఛార్జింగ్ ప్లగ్గు బల్ల ఎత్తులోనే ఉండాలి. అది నేల దగ్గర ఉంటే ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లంతా తిరిగి బెంచీకే చేరతారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. నిలబడటం వ్యాయామం కాదు. కూర్చోవడం కంటే దానికి ఖర్చయ్యే శక్తి స్వల్పమే. కదలకుండా గంటల తరబడి నిలబడితే కాళ్లలో నీరు దిగడం, నడుము నొప్పి వస్తాయి. అరగంటకొకసారి భంగిమ మార్చడమే ఉద్దేశం. మైక్రోస్కోప్ పనిని మాత్రం కూర్చునే చేయనివ్వండి, ఐపీస్ ఎత్తు కుదరక నిలబడి వంగితే మెడ పట్టేస్తుంది.

వరస క్లాసులను వేర్వేరు భవనాల్లో పెట్టి, మధ్య పదిహేను నిమిషాలు వదలండి. నిమిషానికి సుమారు వంద అడుగులు వేసే వేగం మధ్యస్థ శ్రమ కిందికి వస్తుంది. పది నిమిషాల నడకంటే వెయ్యి అడుగులు. రోజుకు మూడుసార్లు ఇలా జరిగితే, వారానికి అయిదు పనిదినాల్లో 150 నిమిషాలు టైమ్‌టేబుల్‌తోనే పూర్తవుతాయి. మొత్తం లేఖలో ఇంతకంటే చవకైన సూచన లేదు. భవనాలు మరీ దగ్గరగా ఉంటే చుట్టుదారి గుర్తించి నీడ, దీపాలు ఏర్పాటు చేయాలి.

ఆసుపత్రి లిఫ్టులు స్ట్రెచర్లకు వదిలి విద్యార్థులు మెట్లెక్కితే రోగులకూ మేలే. అయితే చాలాచోట్ల మెట్ల తలుపులకు తాళాలుంటాయి, లేదా లోపల చీకటిగా ఉంటుంది. తాళం చెవి అవసరం లేకుండా రెండువైపులా తెరుచుకునే తలుపులు పెట్టించండి. నిప్పును ఆపే తలుపులను ఇటుక అడ్డుపెట్టి తెరిచి ఉంచే అలవాటును మాత్రం కఠినంగా ఆపాలి.

మైదానం క్లాసులు జరిగేటప్పుడు తెరిచి, విద్యార్థులు వచ్చే వేళకు మూస్తే ఉపయోగం లేదు. రాత్రి పది దాకా దీపాలు, ఆడపిల్లలు నిశ్చింతగా వచ్చేలా కాపలా, బట్టలు మార్చుకునే గది, స్నానానికి నీళ్లు, బూట్లు పెట్టుకునే లాకర్లు కావాలి. ఇవి లేనిచోట కొత్త జిమ్ పరికరాల మీద దుమ్ము పేరుకుంటుంది. పరీక్షల రోజుల్లో మైదానం మూసే ఆనవాయితీ పోవాలి, కదలిక అత్యవసరమైన రోజులు అవే. రాత్రి డ్యూటీ దిగినవాళ్లను మాత్రం ముందు నిద్రపోనివ్వాలి.

పాఠ్యాంశాన్నే వాడుకోవచ్చు. ఫిజియాలజీ ప్రాక్టికల్‌లో, మెట్టు ఎక్కి దిగాక నాడి చూసి దేహ దారుఢ్యాన్ని అంచనా వేసే క్వీన్స్ కాలేజ్ స్టెప్ టెస్టును ప్రతి విద్యార్థీ తన మీద తానే చేసుకోవాలి. మెట్టు ఎత్తు 41.3 సెంటీమీటర్లు, సమయం మూడు నిమిషాలు. మగపిల్లలు నిమిషానికి 24 సార్లు, ఆడపిల్లలు 22 సార్లు ఎక్కి దిగాలి. లయగా దెబ్బలు వినిపించే మెట్రోనోమ్‌ను, ఒకసారి ఎక్కి దిగడానికి నాలుగు దెబ్బల లెక్కన, నిమిషానికి 96, 88 దెబ్బలకు పెట్టాలి, అది లేకపోతే రెండో నిమిషానికే లయ తప్పుతుంది. ఆపిన అయిదో సెకను నుంచి ఇరవయ్యో సెకను దాకా నాడి లెక్కించి నాలుగుతో గుణించాలి. పైమెట్టు మీద మోకాలు పూర్తిగా చాచకపోవడం సాధారణంగా జరిగే పొరపాటు, దానివల్ల ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం వంటి చరిత్ర ఉన్నవాళ్లను ముందే అడిగి మినహాయించాలి. అదే క్లాసులో రోగికి వ్యాయామం రాసివ్వడం నేర్పండి: వారానికి ఎన్నిసార్లు, ఎంత తీవ్రతతో, ఎంతసేపు, ఏ రకం. మాట్లాడగలిగి పాడలేకపోతే మధ్యస్థం, నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్రం. మందు మోతాదు చెప్పినంత స్పష్టంగా ఇది చెప్పగలిగే డాక్టర్లు మనకు కావాలి.

దీనికి మార్కులు పెట్టవద్దు, అటెండెన్స్‌తో ముడిపెట్టవద్దు, బరువు కొలతలు నోటీసు బోర్డుకెక్కించవద్దు. మార్కులొస్తే మోసం మొదలవుతుంది, సిగ్గుపడితే పిల్లలు మైదానానికే రారు. వైకల్యం ఉన్నవారికి, నిలబడితే కళ్లు తిరిగేవారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి కూర్చునే చేసే చేతుల వ్యాయామాలు, సాగదీసే రబ్బరు బ్యాండ్లు ఉండాలి. కారణం చెప్పమని ఎవరినీ నిలదీయకూడదు.

ఫలితం కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శారీరక శ్రమను అడిగి తెలుసుకునే పదహారు ప్రశ్నల జీపాక్ ప్రశ్నావళి ఉంది. కానీ ఎంతసేపు కూర్చున్నారని అడిగితే అందరూ తక్కువే చెబుతారు. మణికట్టు పరికరాలకు కూర్చోవడానికీ నిలబడటానికీ తేడా సరిగా తెలియదు, తొడకు అంటించే యాక్సిలరోమీటరుకు (కదలికను కొలిచే పరికరానికి) తెలుస్తుంది. ప్రతి బ్యాచ్‌లో ఇష్టపడి ముందుకొచ్చిన కొందరికి మామూలు వారంలో ఏడు రోజులు, పరీక్షల వారంలో ఏడు రోజులు పెట్టి, పేర్లు తీసేసి లెక్కించాలి.

వచ్చే సెమిస్టర్‌లో కొన్ని కాలేజీల్లో లెక్చర్ విరామం, భవనాల మధ్య పదిహేను నిమిషాలు, మైదానం వేళలు, ఈ మూడింటిని మొదలుపెడుతూ ఉత్తర్వు ఇవ్వండి. బల్లల ఖర్చు రెండో ఏడాది బడ్జెట్‌లో చూడవచ్చు. టైమ్‌టేబుల్ నమూనా, కొలతల పట్టిక తయారుచేసి మీ కార్యాలయానికి అందించే పని మేము తీసుకుంటాం.

ఇట్లు,
మెడికల్ కాలేజీల ఫిజియాలజీ, కమ్యూనిటీ మెడిసిన్, ఫిజియోథెరపీ అధ్యాపకులు