ఇనుప పొడి కోర్ల తయారీని పాలిటెక్నిక్ బల్ల మీదికి తీసుకురండి

సంపాదకులకు నమస్కారం.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో ఉన్నాయి. ఆ తర్వాత నాకు తెలిసిన ఎన్నో ఇళ్లలోకి ఇన్వర్టర్లూ సోలార్ పలకలూ వచ్చాయి, ఇప్పుడు వాటిలో చాలావాటికి మరమ్మతు వయసు వచ్చింది. శ్రీకాకుళంలో మా వీధి చివర ఉన్న మరమ్మతు దుకాణంలో గత నెల ఒక సోలార్ చార్జింగ్ బోర్డు చూశాను. ట్రాన్సిస్టర్లు బాగున్నాయి, కెపాసిటర్లు బాగున్నాయి, రాగి తీగ చుట్టిన ఒక రింగు మాత్రం వేడికి మాడి గోధుమరంగుకు తిరిగింది. అలాంటి రింగు ఊళ్లో దొరకక, విశాఖపట్నం నుంచి తెప్పించాలన్నా ఏ రకం అడగాలో తెలియక, ఆ బోర్డు మొత్తాన్ని దుకాణదారు తుక్కులో పడేశాడు.

ఆ రింగునే మెకానిక్కులు చోక్ అంటారు. తీగను విప్పేస్తే లోపల మిగిలేది కోర్. కంప్యూటర్ పవర్ సప్లయిలు విప్పిన వారందరూ చూసిందే, పసుపు రంగు వేసి ఒక పక్క తెల్లగా ఉంచిన రింగు. పైకి పింగాణీలా కనిపించినా అది పింగాణీ కాదు, పోత ఇనుమూ కాదు. సన్నని ఇనుప పొడిలో రేణువుకూ రేణువుకూ మధ్య విద్యుత్తు పారకుండా పూత పూసి, కొద్దిగా రెసిన్, అంటే గట్టిపడే జిగురు, కలిపి, అచ్చులో నొక్కి, వేడిచేసి గట్టిపరిచిన ముద్ద. ఈ ముద్దను తయారు చేయడం మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాలిటెక్నిక్‌లలోనూ ఐటీఐలలోనూ చేతిపనిగా నేర్పవచ్చునని, నేర్పి తీరాలని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. 30 ఏళ్లకు పైగా ఒక పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేసి, విరమణ తర్వాత ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇలాంటి కోర్లు పోసి, విరగ్గొట్టి, మళ్లీ పోసిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

ఇనుమును ముక్కగా వాడకుండా పొడి చేయడం ఎందుకని విద్యార్థులు మొట్టమొదట అడుగుతారు. మారుతున్న అయస్కాంత క్షేత్రంలో ఉంచిన లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి, వాటినే పాఠ్యపుస్తకాలు ఎడ్డీ కరెంట్లు అంటాయి, అవి లోహాన్ని వేడెక్కిస్తాయి. 50 హెర్ట్జ్ కరెంటుకు పల్చని రేకులు, అంటే వైండింగ్ షాపుల వాళ్లు స్టాంపింగులు అనేవి, ఒకదానిమీద ఒకటి పేర్చితే సరిపోతుంది. సోలార్ చార్జర్లలో కరెంటు సెకనుకు పదుల వేల సార్లు ఆగి మొదలవుతుంటుంది కాబట్టి అక్కడ రేకు కూడా మందమే. ఈ సుడి ప్రవాహాల నష్టం రేణువు వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల బదులు 5 మైక్రాన్ల రేణువులు వాడితే, మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు, ఆ నష్టం 100 రెట్లు తగ్గుతుంది. అయితే రేణువులు ఒకదానికొకటి తగిలి విద్యుత్తు పారితే పొడి చేసిన ఫలితమే ఉండదు. రేణువు మీది పూతకు అంత ప్రాధాన్యం అందుకే.

రెండో సంగతి మా రోజుల్లో పాఠాల్లో అంతగా చెప్పేవారు కాదు, కానీ నా దృష్టిలో అసలు విషయం అదే. చోక్ పని శక్తిని క్షణకాలం దాచి తిరిగి ఇవ్వడం. ఆ శక్తిలో అధిక భాగం ఇనుములో కాదు, ఇనుము మధ్య ఉన్న ఖాళీలో నిలుస్తుంది. ఇనుప ఆక్సైడును ఇతర ఆక్సైడులతో కలిపి కాల్చి చేసే ఫెర్రైట్ కోర్‌కైతే మధ్యలో ఒక చోట కోసి ఖాళీ వదలాలి, ఆ ఖాళీ దగ్గర క్షేత్రం బయటికి పొంగి పక్కనున్న రాగి తీగను వేడెక్కిస్తుంది. పొడి కోర్‌లోనైతే రేణువుల మధ్య రెసిన్ నిండిన లక్షల సన్నని సందులే ఆ ఖాళీ. అది కోర్ అంతటా సమంగా పరచుకుని ఉంటుంది కాబట్టి ఎక్కడా క్షేత్రం పొంగదు. అయస్కాంత పారగమ్యత, అంటే గాలితో పోలిస్తే అయస్కాంత క్షేత్రాన్ని ఎన్ని రెట్లు తేలిగ్గా పోనిస్తుందో చెప్పే అంకె, తక్కువగా ఉండటాన్ని లోపమని అనుకునే విద్యార్థికి, చోక్ విషయంలో అదే గుణమని అర్థమైన రోజున సబ్జెక్టు మీద భయం పోవడం నేను కళ్లారా చూశాను.

ఇది కొత్త విద్య కాదు. దూరపు టెలిఫోన్ లైన్లలో మాట స్పష్టంగా వినిపించేందుకు వాడిన లోడింగ్ కాయిళ్ల కోసం అమెరికాలో నొక్కిన ఇనుప పొడి కోర్లను వాడుకలోకి తెచ్చి వంద ఏళ్లు దాటింది. 1930ల్లో జపాన్‌లోని సెండాయ్ నగరంలో ఇనుము, సిలికాన్, అల్యూమినియం కలిపి తయారు చేసిన సెండస్ట్ అనే మిశ్రమం రేకుగా సాగదీయడానికి వీల్లేనంత పెళుసు. అంత పెళుసు కాబట్టే అది సులువుగా పొడి అయ్యింది, ఈనాటికీ చోక్‌లలో నిలిచింది.

ఇక తయారీ. నా మొదటి కోర్‌ను లేత్ షాపులో రాలిన ఇనుప రజనుతో చేశాను. ఉచితంగా దొరికింది కదా అనుకున్నాను. జల్లించి, అరల్డైట్ అనే ఎపాక్సీ రెసిన్ కలిపి, పీవీసీ పైపు ముక్కలో పోస్తే రింగు చక్కగానే వచ్చింది. తీగ చుట్టి చార్జర్‌లో పెట్టిన పది నిమిషాలకు చేయి పెట్టలేనంత వేడెక్కింది. లేత్ రజను రేణువులు కావు, పొడవాటి చీలికలు. పైగా అందులో కటింగ్ ఆయిలూ, ఏ ఉక్కో తెలియని కార్బన్ ఉక్కూ ఉంటాయి. గట్టిపడిన ఉక్కు అయస్కాంతాన్ని తేలిగ్గా వదలదు, ప్రతి ఆవృతికీ ఆ మొండితనం వేడిగా బయటపడుతుంది. కావలసింది మెత్తని శుద్ధ ఇనుము. ఇనుప పెంటాకార్బొనిల్ అనే సమ్మేళనాన్ని వేడితో విడగొట్టి తీసే కార్బొనిల్ ఇనుము కొద్ది మైక్రాన్ల గుండ్రని రేణువులుగా వస్తుంది కాబట్టి ఈ పనికి శ్రేష్ఠం. ఖరీదు ఎక్కువే, కానీ ఒక తరగతి విద్యార్థులందరి ప్రయోగానికి రెండు మూడు కిలోలు చాలు. మన దేశంలోనే తయారయ్యే మామూలు శుద్ధ ఇనుప పొడితోనైతే పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లంతో తడిపి ఆరబెడితే ప్రతి రేణువు మీదా సన్నని ఫాస్ఫేట్ పూత ఏర్పడుతుంది. ఆమ్లం ఎక్కువైతే ఇనుమునే తినేస్తుంది, ఆ పొరపాటు కూడా నేను చేశాను.

పాళ్ల దగ్గర చాలామంది తడబడతారు. 65 గ్రాముల ఇనుప పొడికి 10 గ్రాముల ఎపాక్సీ కలిపామంటే, ఇంత ఇనుమే ఉంది కదా అనిపిస్తుంది. ఇనుము సాంద్రత 7.87, ఎపాక్సీది 1.2 ప్రాంతం కాబట్టి పరిమాణంలో చూస్తే అవి సగం సగమే. ఇనుము నీటికంటే దాదాపు ఎనిమిది రెట్లు బరువు కనుక, రెసిన్ గట్టిపడేలోగా పొడి అడుగుకు దిగిపోతుంది. కోసి చూస్తే కింద నల్లగా, పైన తేనెరంగులో రెండు పొరలు కనపడతాయి. ముద్దను పల్చగా కాకుండా చపాతీ పిండిలా గట్టిగా కలిపి అచ్చులో కూరితే ఈ బాధ తగ్గుతుంది. లోపల చిక్కుకున్న గాలి బుడగలు తీయడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఏసీ మెకానిక్కు దగ్గరుండే వ్యాక్యూమ్ పంపుకు మూత బిగిసే దళసరి పాత్ర తగిలిస్తే పని జరుగుతుంది. అచ్చుకు మైనం రాయకపోతే రింగు బయటికి రాదు.

కొలవడమే ఈ పనిలో అన్నిటికంటే మంచి పాఠం. అదే కొలతలతో ఒక చెక్క రింగు చేసి, దానిమీదా కోర్ మీదా అదే తీగ అన్నే చుట్లు చుట్టి, ఎల్‌సీఆర్ మీటరుతో రెండిటి ఇండక్టెన్సూ, అంటే ఒకే కరెంటుకు చోక్ ఎంత శక్తిని దాచగలదో చెప్పే కొలతనూ, చూడాలి. 27 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 14 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 11 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న చెక్క రింగు మీద 40 చుట్లకు సూత్రం ప్రకారం దాదాపు 2.3 మైక్రోహెన్రీలు రావాలి. అదే పరిమాణంలో పోసిన కోర్ మీద 16 వచ్చిందంటే, ఆ కోర్ పారగమ్యత 7 ప్రాంతంలో ఉందన్నమాట. గాలి కంటే ఏడు రెట్లు అన్న మాటను పుస్తకంలో చదవడం వేరు, తన చేత్తో పోసిన ముద్ద మీద తానే కొలిచి రాబట్టడం వేరు.

ఇక్కడే నిజం చెప్పాలి. రెసిన్‌తో చేత్తో పోసిన కోర్ 5 నుంచి 15 వరకు పారగమ్యతకు మించి సాధారణంగా పోదు. మాడిపోయిన ఆ పసుపు రింగుది 75. దాని బదులు 7.5 ఉన్నది పెడితే అంతే ఇండక్టెన్సుకు మూడింతలకు పైగా చుట్లు కావాలి, అన్ని చుట్లు ఆ రంధ్రంలో పట్టవు. 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మరుకైతే ఇది అసలు పనికిరాదు, వేలల్లో పారగమ్యత ఉన్న స్టాంపింగుల చోటును ఈ ముద్ద తీసుకోలేదు. చేత్తో పోసినది రేడియో కాయిళ్లకూ, ఇండక్షన్ వేడి కాయిల్ చుట్టూ క్షేత్రాన్ని ఒక వైపుకు మళ్లించే దిమ్మలకూ, అన్నిటికన్నా ముందు నేర్చుకోవడానికీ సరిపోతుంది.

75 కావాలంటే రెసిన్‌ను బరువులో ఒకటి రెండు శాతానికి తగ్గించి, పూత పూసిన పొడిని గట్టి ఉక్కు అచ్చులో చదరపు సెంటీమీటరుకు 6 టన్నుల చొప్పున నొక్కాలి. పైన చెప్పిన రింగు ముఖం దాదాపు 4.2 చదరపు సెంటీమీటర్లు, అంటే 25 టన్నుల బరువు. ఈ అంకె చూసి భయపడనక్కర్లేదు. బేరింగులు దించే హైడ్రాలిక్ ప్రెస్సులు అంతటి బలంవి శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి వర్క్‌షాపుల్లోనే ఉన్నాయి. నేను పనిచేసిన కళాశాల వర్క్‌షాపులో కూడా అలాంటిదొకటి ఉండేది, నేనున్నన్నాళ్లూ ఆ గదికి తాళమే చూశాను. నొక్కిన రింగును రెసిన్ రకాన్ని బట్టి 150 డిగ్రీల ప్రాంతంలో ఓవెన్‌లో గట్టిపరచాలి. ఉక్కు అచ్చు చేయించడమే ఇందులో అసలు ఖర్చు, గట్టిపరచని ఉక్కుతో చేయిస్తే కొద్ది రింగులకే లోపలి గోడ గీతలు పడుతుంది.

మా వీధి చివర రింగు ఎందుకు మాడిందో కూడా దీనిలోనే తెలుస్తుంది. సేంద్రియ రెసిన్‌తో కట్టిన ఇనుప పొడి కోర్‌ను నెలల తరబడి 100 డిగ్రీలకు దగ్గరగా పనిచేయిస్తే రేణువుల మధ్య బంధకం పాడవుతుంది, సుడి ప్రవాహాల నష్టం పెరుగుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది, ఆ వేడి బంధకాన్ని మరింత పాడుచేస్తుంది. మే నెలలో రేకుల కప్పు కింద గాలాడని పెట్టెలో బిగించిన చార్జరుకు ఈ గతి పడుతుందని డిజైన్ చేసిన వారు ముందే చూసి ఉండవలసింది.

మరొక విషయాన్ని విద్యార్థుల దృష్టికి తేవాలి. కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుకను అయస్కాంతంతో ఏరి తెచ్చి కోర్లు చేద్దామని నా దగ్గరకు ఇద్దరు ముగ్గురు పిల్లలు వచ్చారు. వారి ఉత్సాహాన్ని కాదనలేను. అయితే ఆ ఇసుకలో ఎక్కువగా ఉండేవి ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు. అయస్కాంతానికి గట్టిగా అంటుకునేది మాగ్నెటైట్ ఒక్కటే, అది కొద్దిగానే ఉంటుంది. అయస్కాంత సంతృప్తి, అంటే ఒక పదార్థం ఇక అంతకు మించి అయస్కాంతం కాలేని హద్దు, మాగ్నెటైట్‌కు 0.6 టెస్లా, ఇనుముకు 2.15, కాబట్టి కోర్‌గా అది ఇనుముకు సాటి రాదు. పైగా అదే ఇసుకలో రేడియోధార్మికమైన థోరియం ఉన్న మోనజైట్ కూడా ఉంటుంది కాబట్టి దాన్ని ఇంటికి తెచ్చి నూరవద్దని గట్టిగా చెప్పి పంపాను. గరివిడి ప్రాంతపు మాంగనీసు గురించి అడిగేవారూ ఉన్నారు. మాంగనీసు, జింకు ఫెర్రైట్లు గొప్ప కోర్లే, కానీ వాటిని 1,200 డిగ్రీలు దాటిన కొలిమిలో అదుపు చేసిన వాయువుల మధ్య కాల్చాలి. పాలిటెక్నిక్ బల్ల మీద మొదలుపెట్టగలిగేది పొడి, రెసిన్ మాత్రమే.

అలా మొదలుపెట్టేవారు జాగ్రత్తలు పాటించాలి. అతి సన్నని ఇనుప పొడి గాలిలో లేస్తే నిప్పు అంటుకోగలదు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎపాక్సీ గట్టిపరిచే ద్రవం చర్మానికి పడక దద్దుర్లు వస్తే ఆ పడకపోవడం జీవితాంతం వెంటాడవచ్చు. మాస్కు, నైట్రైల్ చేతి తొడుగులు, కిటికీలు తెరిచిన గది తప్పనిసరి.

రాష్ట్ర సాంకేతిక విద్యా, శిక్షణ మండలి వారు ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, మెకానికల్ డిప్లొమాల విద్యార్థులు కలిసి చేసే ఒక వర్క్‌షాపు అభ్యాసంగా దీనిని చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అచ్చు చేసేది మెకానికల్ విద్యార్థి, చుట్టేది ఎలక్ట్రికల్ విద్యార్థి, కొలిచేది ఎలక్ట్రానిక్స్ విద్యార్థి అయితే మూడు శాఖల పిల్లలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. పొడి లోహ విద్యకూ కొత్త పదార్థాలకూ అంకితమైన పరిశోధన కేంద్రం, ఏఆర్‌సీఐ, హైదరాబాదులో ఉంది. అధ్యాపకులకు వారం రోజుల శిక్షణ ఇప్పించమని ఆ సంస్థను అడగవచ్చు. విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ, ఎచ్చెర్లలోని ఆర్‌జీయూకేటీ విద్యార్థులు తమ చివరి సంవత్సరపు ప్రాజెక్టుల్లో ఒకటి రెండైనా దీనికి కేటాయిస్తే, మా తీరపు ఉప్పుగాలికి పూత ఎంతకాలం నిలుస్తుందో, ఏ రెసిన్ ఎంత వేడికి ఓర్చుకుంటుందో ఏడాది పాటు కొలిచి చెప్పగలరు. ఆ కొలతలు మా వంటివారి దగ్గర లేవు.

నా షెడ్డులో రెండు ఉక్కు అచ్చులు, ఒక చెక్క రింగుల వరుస, కొలతలు రాసుకున్న మూడు నోటు పుస్తకాలు ఉన్నాయి. శ్రీకాకుళం లేదా విజయనగరం జిల్లాలోని ఏ ప్రభుత్వ పాలిటెక్నిక్ అయినా ఒక బల్ల, ఒక గంట సమయం కేటాయిస్తామంటే వాటిని ఉచితంగా అప్పగించి, మొదటి తరగతికి నేనే వచ్చి పొడి కలిపి చూపిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రయోగశాల సహాయకుడు,
శ్రీకాకుళం