ఏడు రాత్రులకూ ఒకే హోటల్: రీయూనియన్ ప్యాకేజీపై ఫిర్యాదు

బెంగళూరు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: దీపావళి సెలవులకు బుక్ చేసుకున్న, హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచ్ దీవి రీయూనియన్ ప్యాకేజీలో, ముందు ఒప్పుకున్న బసలను మాకు చెప్పకుండా మార్చడం గురించి.

నమస్కారం. మీ జయనగర్ ఆఫీసులో మొదటినుంచీ మాతో తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు ఏదైనా ఉంటే తెలుగులోనే రాయమన్నారు. అందుకే ఇలా రాస్తున్నాను.

మేం డబ్బు కట్టినప్పుడు మీరు ఈమెయిల్‌లో పంపిన ప్లాన్‌లో బస మూడు చోట్ల ఉంది. మొదటి మూడు రాత్రులు పడమటి తీరంలో ఎర్మిటాజ్ దగ్గర, తర్వాత రెండు రాత్రులు కొండ మీద ప్లేన్ దె కాఫ్ర్‌లో, చివరి రెండు రాత్రులు సలాజీ లోయలోని ఎల్ బూర్ అనే ఊళ్లో. నిన్న వచ్చిన వోచర్లలో మాత్రం ఏడు రాత్రులూ పడమటి తీరంలోని సెయింట్ జిల్ శివార్లలో, బూకాన్ కానో బీచ్ పక్కన ఒకే హోటల్ అని ఉంది. ఎందుకు మార్చారో ఒక్క ముక్క రాయలేదు. ధర మాత్రం పైసా తగ్గలేదు.

ఫోన్ చేస్తే మీ ఎగ్జిక్యూటివ్, "చిన్న దీవే కదా మేడమ్, ఎక్కడున్నా అన్నీ తిరగొచ్చు. రోజూ సూట్‌కేసులు సర్దుకునే టెన్షన్ కూడా ఉండదు" అన్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ జవాబే. రీయూనియన్ విస్తీర్ణం దాదాపు 2,500 చదరపు కిలోమీటర్లు. మ్యాప్‌లో చూస్తే చిన్నదే. కానీ దాని నడుమ 3,000 మీటర్లు దాటిన పిటాన్ దె నేజ్ శిఖరం ఉంది, దాని చుట్టూ నిట్టనిలువు గోడల్లాంటి లోయలు ఉన్నాయి. పెద్ద రోడ్లు చాలావరకు తీరం వెంట చుట్టూ తిరుగుతాయి. బెంగళూరులో బతికేవాళ్లం దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కేస్తాం. ఆ దీవిలోనూ అలాగే లెక్కేయాలి. మేం మూడు బసలు అడిగింది ఆ లెక్క వేసుకున్నాకే.

అన్నిటికంటే ముందు అగ్నిపర్వతం సంగతి చెప్పాలి. అసలు మేం వెళ్తున్నదే పిటాన్ ద ల ఫోర్నేజ్ చూడటానికి. దాని ఎత్తు 2,632 మీటర్లు. కారు వెళ్లేది 2,311 మీటర్ల ఎత్తులో ఉన్న పా ద బెల్‌కోంబ్ వ్యూపాయింట్ వరకే. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా అక్కడ నిలబడి కింద పరుచుకున్న లావా మైదానాన్నీ, ఎదురుగా కొండనూ చూడొచ్చు. కానీ తెల్లవారాక కొద్ది గంటలే అక్కడ ఆకాశం తేటగా ఉంటుంది. చాలా రోజుల్లో తొమ్మిది, పది గంటలకల్లా మబ్బు కమ్మేస్తుంది. ఆ తర్వాత వెళ్లినవాళ్లకు కనిపించేది తెల్లటి పొగమంచే. ప్లేన్ దె కాఫ్ర్‌లో పడుకుంటే పొద్దున్నే లేచి ముప్పావు గంటలో పైకి చేరతాం. సెయింట్ జిల్ నుంచి దాదాపు రెండు గంటల ప్రయాణం, పైగా సెయింట్ పియెర్ దారిలో పొద్దుటి ట్రాఫిక్ ఒకటి. డెబ్బై దాటిన నాన్ననూ, ఆరేళ్ల పిల్లాడినీ తెల్లవారుజామున మూడున్నరకు లేపి, చీకట్లో ఘాట్ రోడ్డు ఎక్కించమంటారా? పోనీ ఎక్కించామే అనుకుందాం, ఆ రోజు మబ్బు పడితే? కొండ మీద రెండు రాత్రులు అడిగింది అందుకే. ఒక పొద్దు పోయినా ఇంకో పొద్దు చేతిలో ఉంటుంది. అక్కడ చలి ఎక్కువని, హీటర్ ఉన్న గది, వంటగది ఉన్న ఇల్లు కావాలని కూడా రాసి ఇచ్చాం. ఇంట్లో పెద్దవాళ్లు శాకాహారులు, ఆ ఊళ్లో రాత్రిపూట వాళ్లు తినగలిగింది దొరకడం కష్టం.

ఇక సముద్రం. ఎర్మిటాజ్ అని పేరు పెట్టి మరీ అడిగింది అక్కడ పగడపు దిబ్బ అలలకు అడ్డుగా ఉంటుంది కాబట్టి. దాని లోపలి నీళ్లు లోతు తక్కువ, పిల్లలు దిగొచ్చు. బూకాన్ కానోలో ఆ దిబ్బ లేదు, నేరుగా సముద్రమే. సొరచేపల దాడుల వల్ల 2013 నుంచి లగూన్‌లోనూ (అంటే ఆ దిబ్బ లోపలి నీళ్లలోనూ), కాపలా ఉండే చోట్లలోనూ తప్ప ఈతకు దిగకూడదని అక్కడి ప్రభుత్వమే ఆంక్షలు పెట్టింది. రెండూ "బీచ్ హోటళ్లే" కదా అని ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చేస్తే ఎలా? పిల్లల ప్రాణాలతో ముడిపడిన విషయమండీ ఇది. మీ టీమ్‌లో ఒక్కరైనా చూసుకోవాల్సింది.

ఎల్ బూర్ తీసేయడం నాన్నను చాలా బాధపెట్టింది. ఆ దీవికి పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి మన దక్షిణాది నుంచి, ఎక్కువగా తమిళ ప్రాంతాల నుంచి వేలమంది వెళ్లారు. వాళ్ల వారసులు తూర్పు తీరంలో సెయింట్ ఆంద్రే చుట్టుపక్కల ఇప్పటికీ గుళ్లు నిలబెట్టుకున్నారు, అక్కడ దీపావళికి ఏటా పెద్ద ఊరేగింపు జరుపుతారు. నాన్న అది చూడాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నారు. ఎల్ బూర్‌కు వెళ్లే దారి సెయింట్ ఆంద్రే మీదుగానే. ఇప్పుడు మీరిచ్చిన హోటల్ దీవికి అవతలి వైపు. ఊరేగింపు అయ్యాక రాత్రిపూట రాజధాని సెయింట్ డెనీ దాటుకుని అంత దూరం వెనక్కి రావాలి. అమ్మకు మలుపుల రోడ్డు పడదని, సిలావోస్ అనే ఇంకో లోయకు వెళ్లే, 400కు పైగా మలుపులుండే దారి వద్దనుకుని, అన్నీ ఆలోచించి ఎల్ బూర్ ఎంచుకున్నాం. బస మారే రోజు కూడా వృథా కాదు. కొండ దిగి దక్షిణ తీరం వెంట వస్తే, 2007లో లావా రోడ్డును ముంచి సముద్రంలో కలిసిన చోటు, గ్రాన్ బ్రూలే, కనిపిస్తుంది. 1977లో లావా చుట్టుముట్టినా నిలిచిన చర్చి కూడా ఆ దారిలోనే ఉంది. చివరి రోజు ఎల్ బూర్ నుంచి ఎయిర్‌పోర్టు కూడా దగ్గరే.

మీ కొత్త ప్లాన్‌లో ఇంకో రెండు విషయాలున్నాయి. నాలుగో రోజు "కారులో మఫాత్ గ్రామ సందర్శన" అని రాశారు. మఫాత్ లోయలోకి కారు రోడ్డే లేదు. కాలినడకన వెళ్లాలి, లేదంటే హెలికాప్టర్‌లో. కారులో వెళ్లి ఆ లోయను పైనుంచి చూడాలంటే మైదో వ్యూపాయింట్ ఉంది. దానికి పడమటి తీరం నుంచే పొద్దున్నే బయల్దేరాలి, మా మొదటి మూడు రాత్రుల్లో అదీ ఒక పని. రెండోది, మీ బ్రోచర్‌లో "లావా చూపిస్తాం, గ్యారంటీ" అని ఉంది. ఆ అగ్నిపర్వతం తరచుగా పేలేదే, 2018లో నాలుగుసార్లు పేలింది. అయినా అది ఎప్పుడు పేలుతుందో ఎవరూ ముందే మాట ఇవ్వలేరు. పేలినప్పుడు లోపలికి వెళ్లే కాలిబాటలు కూడా మూసేస్తారు. మాకు లావా కనిపించకపోతే మిమ్మల్ని తప్పుపట్టం. కానీ ఆ గ్యారంటీ మాటను నమ్మి డబ్బు కట్టే కుటుంబాలు ఇంకా ఉంటాయి, దాన్ని బ్రోచర్‌లోంచి తీసేయండి.

మేం అడిగేవి ఇవి. ఎర్మిటాజ్, ప్లేన్ దె కాఫ్ర్, ఎల్ బూర్‌లలో మొదట ఒప్పుకున్న బసలను అదే క్రమంలో తిరిగి ఖరారు చేసి కొత్త వోచర్లు పంపండి. వాటిలో ఏదైనా గది నిజంగా దొరకకపోతే అదే ఊళ్లో అదే స్థాయి ఇల్లు చూపించి, మేం సరే అన్నాకే బుక్ చేయండి. అదీ కుదరకపోతే కట్టిన మొత్తం, క్యాన్సిలేషన్ చార్జీలు పట్టుకోకుండా వెనక్కి ఇవ్వండి. మేం మనసు మార్చుకుని రద్దు చేయడం లేదు, ప్యాకేజీని మార్చింది మీరు.

ఈ లేఖ అందిన పది రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, ఫోన్లో హామీలు వద్దు. జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద బెంగళూరు జిల్లా కమిషన్‌కు వెళ్తాం. మీ మొదటి ప్లాన్, రసీదు, నిన్నటి వోచర్లు, బ్రోచర్ పేజీ జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్,
మారతహళ్లి, బెంగళూరు