మార్చి 12న మన అసెంబ్లీలో మారిషస్ జెండా

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జనవరిలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవులకు తీసుకెళ్లాం. చెక్క వంతెన మీద నడుస్తూ, ఒకప్పుడు ఇక్కడ పెద్ద ఓడరేవు ఉండేదని, 1839 నవంబరు తుపానుకు అది తుడిచిపెట్టుకుపోయిందని చెబుతున్నాను. ఒక అమ్మాయి అడిగింది: "ఓడలెక్కి మనవాళ్లు ఎక్కడికెళ్లేవారు సార్?" రంగం, అంటే బర్మాలోని రంగూన్ అన్నాను. చిన్నప్పుడు మా తాతగారి నోట విన్న మాట అది. "రంగం ఒక్కటేనా?" అంది. ఆ క్షణాన నాకు ఇంకేమీ తట్టలేదు. పాతికేళ్లుగా సోషల్ చెబుతున్నవాణ్ణి, కాస్త సిగ్గుపడ్డాను.

ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ ఉత్తరం. మార్చి 12న ఉదయం అసెంబ్లీలో మారిషస్ స్వాతంత్ర్య దినోత్సవం గురించి చిన్న కార్యక్రమం పెడుతున్నాం. ఏదో దేశం పండగ మన బడిలో ఎందుకని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు, వచ్చేది పరీక్షల కాలం కూడా కదా అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కొంచెం పెద్దది.

మారిషస్ హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున ఉన్న చిన్న దీవి. డచ్చివాళ్లు వచ్చి పేరు పెట్టి వెళ్లారు. వాళ్లు ఉన్న కాలంలోనే డోడో పక్షి అంతరించిపోయింది. తర్వాత ఫ్రెంచివాళ్లు, 1810 నుంచి ఇంగ్లీషువాళ్లు. చెరకు తోటల్లో బానిసలతో పని చేయించుకునేవారు. 1835లో బానిసత్వం రద్దయింది. తోటలకు మనుషులు కావాలి కాబట్టి అంతకు కొద్దిగా ముందే మన దేశం మీద పడ్డారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది కూలీలు ఆ దీవి రాజధాని పోర్ట్ లూయీలో దిగారు. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది అలా వెళ్లారు. వాళ్లు ఎక్కిన రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చోటుని ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఎక్కువమంది బీహారు వైపు వాళ్లు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లలో మన గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల తెలుగువాళ్లున్నారు. అక్కడ తెలుగువాళ్లను ఏమని పిలిచేవారో తెలుసా? కోరంగీలు. ఏ రేవులో ఓడెక్కారో అదే వాళ్ల జాతి పేరైపోయింది. మన పిల్లలు ఏటా పిక్నిక్‌కు వెళ్లి పులిహోర తిని వచ్చే ఊరి పేరు అది. అప్పడు, నాయుడు లాంటి పేర్లు ఇప్పటికీ అక్కడ ఇంటిపేర్లుగా ఉన్నాయి. ఉగాదికి ఆ దేశమంతటా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే.

ఇదంతా బంధుత్వం. నేను నిజంగా చెప్పాలనుకున్నది మాత్రం ఆ దేశం స్వాతంత్ర్యంలో బడికి ఉన్న పాత్ర.

చాలాకాలం ఆ దీవిలో ఓటు హక్కు డబ్బూ ఆస్తీ ఉన్నవాళ్లదే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేనాటికి ఓటర్లు పన్నెండు వేలు కూడా లేరు. కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే తుపాకులే జవాబు. 1943 సెప్టెంబరు 27న బెల్‌వూ హారెల్ ఎస్టేటులో పోలీసులు కాల్పులు జరిపితే నలుగురు చనిపోయారు. వారిలో అంజలై కుప్పన్ అనే నిండు గర్భిణి ఉంది. ఈ రోజు అక్కడి ఒక పెద్ద స్టేడియానికి ఆమె పేరే పెట్టుకున్నారు.

1947లో కొత్త రాజ్యాంగం వచ్చింది. అందులో ఒక నిబంధన చూసి నేను కుర్చీలోంచి లేచి మా తెలుగు మాస్టారి గదికి పరుగెత్తాను. దీవిలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో చదవడం, రాయడం వస్తే చాలు, ఓటు హక్కు. ఆ భాషల్లో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీ, తమిళంతో పాటు తెలుగు కూడా ఉంది! అంటే కోరంగి నుంచి వెళ్లిన కూలీ మనవడు అ, ఆలు దిద్దుకుంటే ఓటరైపోతాడు.

మరి నేర్పేదెవరు? ఊళ్లలో బైఠకా అని ఉండేవి. పగలంతా చెరకు నరికిన మనుషులు సాయంత్రం లాంతరు చుట్టూ కూర్చుని చదువుకునే చోట్లు. బాసుదేవ్ బిసుందయాల్ అనే ఆయన ఊరూరా కార్యకర్తల్ని పంపి పెద్దవాళ్లకు సంతకాలు, నాలుగు వాక్యాలు నేర్పించాడు. చేతులు కాయలు కాసిన ముసలివాళ్లు పలక పట్టుకున్నారు. 1948 ఎన్నికల నాటికి ఓటర్లు డెబ్భై వేలు దాటారు. శాసనసభ ముఖమే మారిపోయింది. వయోజనులందరికీ ఓటు 1959లో వచ్చింది, కానీ తలుపు తెరిచింది పలకే అని నా నమ్మకం. టీచరుని కదా, కొంచెం పక్షపాతం ఉంటుంది, ఒప్పుకుంటాను.

ఇక అసలు రోజు. మన పుస్తకాల్లో స్వాతంత్ర్యం అంటే జనమంతా ఒకటై తెచ్చుకున్నదన్నట్టు ఉంటుంది. మారిషస్‌లో అలా జరగలేదు. 1967 ఆగస్టు 7 ఎన్నికల్లో శివసాగర్ రామ్‌గులాం నాయకత్వంలో స్వాతంత్ర్యం కోరిన కూటమికి సగానికి పైగా ఓట్లు వస్తే, వద్దన్న గేతాన్ దువాల్ పార్టీకి సుమారు 44 శాతం వచ్చాయి. తూర్పున ఉన్న రోడ్రిగ్ దీవిలో రెండు సీట్లూ వద్దన్నవాళ్లే గెలిచారు. బ్రిటిష్‌వాళ్లు పోతే ఎక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లు మనల్ని నలిపేస్తారేమోనన్న భయం వాళ్లది. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో అల్లర్లు రేగి ఇరవై మందికి పైగా చనిపోయారు. సింగపూర్ నుంచి బ్రిటిష్ సైన్యాన్ని దించారు. వేడుకకు రావాల్సిన బ్రిటన్ యువరాణి అలెగ్జాండ్రా ప్రయాణం మానుకుంది.

అలాంటి టెన్షన్ మధ్య, 1968 మార్చి 12 మధ్యాహ్నం 12 గంటలకు షాన్ ద మార్స్ మైదానంలో బ్రిటిష్ జెండా యూనియన్ జాక్ దిగింది, నాలుగు రంగుల జెండా ఎగిరింది. అది గుర్రప్పందేల మైదానం. ఆ తేదీ కూడా ఊరికే ఎంచుకున్నది కాదు. ఎనిమిదో తరగతి పిల్లలు చెప్పేస్తారు చూడండి: 1930 మార్చి 12న గాంధీజీ దండికి నడక మొదలుపెట్టిన రోజు. 1992లో గణతంత్రం అయినప్పుడూ అదే తేదీ పెట్టుకున్నారు.

ఒక ముల్లు మాత్రం మిగిలిపోయింది. స్వాతంత్ర్యం ఇవ్వకముందే, 1965లో, చాగోస్ దీవుల్ని బ్రిటన్ కోసి తన దగ్గర ఉంచుకుంది. వాటిలో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం అక్కడి జనాన్ని ఇళ్లలోంచి పంపేశారు, కొబ్బరితోటల్లో బతికే పేదవాళ్లు. ఇది తప్పని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో అభిప్రాయం చెప్పింది. దీవుల్ని మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద 2025 మేలో సంతకాలయ్యాయి. తొమ్మిదో తరగతి వాళ్లు దీని మీద చర్చ చేస్తామన్నారు. చేయనీయండి, ఇంట్లో కూడా మీతో వాదిస్తారు, ముందే చెబుతున్నాను.

ఇప్పుడు అక్కడ ఆ రోజున సాయంత్రం జెండా వందనం, పోలీసుల కవాతు (ఆ దేశానికి విడిగా సైన్యం లేదు), రాత్రి పాటలు, ఆటలు. మన దేశం నుంచి ముఖ్య అతిథులు వెళ్తుంటారు, 2024లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, 2025లో ప్రధాని మోదీ వెళ్లారు. నాకు నచ్చింది మాత్రం బళ్లలో జరిగేది. పిల్లలు జెండా ఎగరేసి 'మదర్‌ల్యాండ్' అనే జాతీయగీతం పాడతారు. తర్వాత అందరికీ ఒక కేకు ముక్క, ఒక లెమనేడ్. అక్కడ పెద్దయిన ఎవరినడిగినా స్వాతంత్ర్య దినోత్సవం అంటే ముందు గుర్తొచ్చేది అదేనట. మనకు చాక్లెట్ ఉన్నట్టు.

ఇక మన బడి సంగతి. పోయిన సోమవారం నోటీసు బోర్డులో పెట్టిన మారిషస్ జెండా తలకిందులుగా ఉంది. ఆకుపచ్చ పైకి వచ్చింది. తప్పు డ్రాయింగ్ మాస్టారిది కాదు, నాది. కాగితం నేనే తిరగేసి అంటించాను. ఐదో తరగతి అబ్బాయి ఒకడు వచ్చి, "పైన ఎరుపు ఉండాలి సార్" అన్నాడు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. స్వాతంత్ర్య పోరాటం, సముద్రం, కొత్త వెలుగు, పచ్చని పొలాలు. సరిచేశాం.

మీ నుంచి రెండు కావాలి. మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి, మన తాతముత్తాతల్లో ఎవరైనా ఓడెక్కి వెళ్లి తిరిగి రానివాళ్లున్నారా అని. రంగం అయినా సరే, మారిషస్ అయినా, దక్షిణాఫ్రికాలోని నేటాల్ అయినా. పేరు ఒక్కటే తెలిసినా చాలు, ఒక కాగితం మీద రాసి పిల్లల చేతికి ఇవ్వండి. కోరంగి మ్యాపు పక్కన అంటిస్తాం, ఈసారి తలకిందులు కాకుండా.

రెండోది, 12వ తేదీన పిల్లల బ్యాగులో ఒక స్టీలు గ్లాసు పెట్టండి. లెమనేడ్ బదులు గోలీసోడా తెప్పిస్తున్నాం. కేకు బేకరీ నుంచి వస్తుంది, గుడ్డు లేనిది విడిగా ఉంటుంది. పదో తరగతి వాళ్లకు ఆ రోజు స్పెషల్ క్లాసు యథావిధిగా ఉంది, అయినా సోడా తాగేసి వెళ్లొచ్చు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు