చెరువుల చదువు గురించి అమ్మాయికి

అమ్మలూ,

ఎమ్మెస్సీలో నీటి నాణ్యత తీసుకోవాలా, డేటా సైన్స్ వైపు వెళ్లాలా అని టెన్షన్ పడుతున్నావని మీ నాన్న చెప్పారు. ఏది తీసుకోవాలో నీ ఇష్టం. ఇన్నేళ్లుగా నేను చేస్తున్న చెరువు నీళ్ల పరీక్షల పని ఎలాంటిదో మాత్రం చెబుతాను.

నాచు పట్టి పచ్చగా ఉన్న చెరువులో మధ్యాహ్నం ఆక్సిజన్ దండిగా ఉంటుంది. ఎండలో ఆ నాచే దాన్ని వదులుతుంది. పొద్దుగూకాక అదే నాచు, అడుగు బురదలోని బ్యాక్టీరియా కలిసి ఉన్నదంతా వాడేసుకుంటాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేది తెల్లవారుజామునే. భీమవరం వైపు చేపల రైతులకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు, ఆ వేళకు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు. ఆఫీసు వేళల్లో శాంపిల్ తీసేవాళ్లకు మాత్రం చెరువు భేషుగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది.

చేపల పెంపకానికి లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. దాన్ని కొలిచే వింక్లర్ పద్ధతి 1888 నాటిది. బుడగ లేకుండా సీసా నింపి మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ వేస్తే గోధుమ రంగు మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. మీటర్లు ఎన్ని వచ్చినా నాకు ఆ సీసా మీదే గురి. తెల్ల మడ్డి చూసిన రోజు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక జబ్బు ఎక్కడ కుదర్చాలంటే, చెరువులో కాదు, మురుగు తెచ్చే పైనున్న నాలాల్లో. హుస్సేన్‌సాగర్‌నే చూడు. 1560ల్లో కట్టిన చెరువు, దశాబ్దాలుగా కూకట్‌పల్లి నాలా మురుగు మింగింది. గుర్రపుడెక్క తీసేస్తే ఫొటోలు బాగుంటాయి, మురుగుతో వచ్చి నాచును పెంచే ఫాస్ఫరస్ మాత్రం చెరువులో చేరుతూనే ఉంటుంది. కెనడాలో 1973లో 226వ నంబరు సరస్సును ప్లాస్టిక్ తెరతో రెండుగా చేసి ఒకవైపు కార్బన్, నైట్రోజన్, రెండోవైపు వాటితోపాటు ఫాస్ఫరస్ కలిపారు. ఫాస్ఫరస్ పడ్డ వైపే నాచు కమ్మేసింది. సియాటిల్‌లో లేక్ వాషింగ్టన్‌లోకి వచ్చే మురుగును 1963-68 మధ్య మళ్లిస్తే నీళ్లు తేటపడ్డాయి.

మన చెరువులు అంత లోతైనవి కావు. మురుగు ఆపినా బురదలో పేరుకున్న ఫాస్ఫరస్ ఏళ్ల తరబడి పైకి వస్తూనే ఉంటుంది. అందుకే ఈ పనికి ఓపిక కావాలి. డబ్బు ఖర్చుపెట్టాం, ఇంకా ఎందుకు పచ్చగా ఉంది అని మీటింగుల్లో నిలదీస్తారు. అప్పుడు మనల్ని నిలబెట్టేవి విడవకుండా తీసిన పాత అంకెలే.

డేటా సైన్స్ వృథా అనుకోకు. రాత్రంతా నీళ్లలో ఉండి కొలిచే లాగర్లనే పరికరాల అంకెలు చదవడం మాలో చాలామందికి చేతకాదు. ఫీజు కట్టే ముందు ఆ కోర్సులో ఫీల్డ్‌వర్క్ ఉందో లేదో సీనియర్లను అడుగు. పడవ ఎక్కించని కోర్సయితే చేరకు.

అమ్మ