నీ 16 అడుగుల పడవకి డౌన్‌రిగ్గర్లు

ఒరేయ్ మామా,

నీ పడవ ఫొటోలు చూశాను. 16 అడుగుల అల్యూమినియం పడవ, వెనక పెద్ద మోటారు పక్కన నెమ్మదిగా నడపడానికి కికర్ అనే చిన్న మోటారు, పక్క అంచుల్లో ఇంకా ఒక్క రంధ్రం కూడా పడలేదు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. "డౌన్‌రిగ్గర్లు ఎలక్ట్రిక్‌వి కొననా, చేత్తో తిప్పేవి కొననా?" అని ఒక్క ముక్క అడిగావు. పడవ అంచుకి బిగించి, బరువైన గుండుతో ఎరని లోతుకి దించే పరికరమేగా డౌన్‌రిగ్గర్ అంటే. దానికి జవాబు రాద్దామని కూర్చుంటే ఇంత ఉత్తరమైంది. ఓపిగ్గా చదువు.

చేత్తో తిప్పేవే కొను. ఎలక్ట్రిక్‌ది గుండుని పైకి లాగేటప్పుడు చాలా కరెంటు తీసుకుంటుంది. దానికి విడిగా ఎక్కువసేపు కరెంటిచ్చే డీప్ సైకిల్ బ్యాటరీ ఒకటి, బ్యాటరీ దగ్గరే ఒక బ్రేకర్, అక్కణ్ణుంచి లావుపాటి వైర్లు కావాలి. ఆ బరువంతా చేరేది పడవ వెనక్కే. అక్కడ ఇప్పటికే రెండు మోటార్లు, పెట్రోలు ట్యాంకు, వాటి పక్కన నువ్వు. చేత్తో అయితే 12 పౌండ్ల సీసపు గుండుని 120 అడుగుల లోతు నుంచి పైకి తెచ్చేసరికి భుజం లాగేస్తుంది, అది నిజమే. అయినా కోహో సాల్మన్ చేప చాలావరకు పై నీళ్ళలోనే తిరుగుతుంది కాబట్టి ఆ సీజన్‌లో అంత లోతుకి పోనక్కర్లేదు. చినూక్ అనే పెద్ద సాల్మన్ కోసం నీటి అడుగుదాకా దింపిన రోజున మాత్రం భుజానికి పని తప్పదు.

గుండు వేలాడే తీగ సంగతి. స్టీల్ తీగ బదులు అల్లిన బ్రెయిడ్ తాడు వేయించు. ఉప్పునీటిలో స్టీల్ తీగ, అల్యూమినియం పడవ, తుప్పు పట్టకుండా పడవకి బిగించే జింక్ ముక్కలు అన్నీ కలిస్తే తీగ చుట్టూ సన్నగా కరెంటు పుడుతుంది. అది చేపల్ని బెదరగొడుతుందని కొందరు, కొంచెం ఉంటే మంచిదేనని కొందరు తెగ వాదించుకుంటారు. బ్రెయిడ్ వేస్తే ఆ గొడవే ఉండదు. పైగా స్టీల్ తీగలా నీళ్ళలో జుయ్యిమని మోగదు, నలిగి మెలికలు పడదు.

ఇక అసలు విషయానికి వస్తా. డౌన్‌రిగ్గర్ ఏ కంపెనీదన్నదానికంటే దాన్ని దేనికి బిగించావన్నది ముఖ్యంరా. డౌన్‌రిగ్గర్ రెండడుగుల చేయి చివర 12 పౌండ్లు వేలాడుతుంటాయి. అల వచ్చిన ప్రతిసారీ ఆ బరువు కుదుపై వచ్చి నాలుగు బోల్టుల మీద పడుతుంది. నేను మొదట కింద మామూలు వాషర్లు పెట్టి బిగించేశాను. ఒక సీజన్ గడిచాక తుడుస్తుంటే గుడ్డ ఎక్కడో పట్టుకుంది. వంగి చూస్తే బోల్టు పక్కనుంచి వెంట్రుకంత పగులు, వేలి గోరంత పొడవు. గుండె జారిపోయింది. విప్పేసి, అంచు కింద పావు అంగుళం మందం అల్యూమినియం పలక పెట్టి, బోల్టులు ఆ పలక దాకా దింపి మళ్ళీ బిగించాను. అప్పటినుంచి కదలలేదు. స్క్రూలతో మాత్రం సరిపెట్టుకోకు. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియాన్ని నేరుగా తాకితే ఉప్పునీటికి దాని చుట్టూ తెల్లటి పొడి పుట్టి లోహం తినేస్తుంది. నైలాన్ వాషర్ వేసి, బోల్టుకి తుప్పు పట్టనివ్వని గ్రీజు పూసి దించు.

ఎక్కడ బిగించాలంటావా? వెనక చివరికి రెండడుగుల ముందు, అటొకటి ఇటొకటి. కికర్ హ్యాండిల్ పట్టుకుని కూర్చున్న చోటునుంచి లేవకుండా రెండూ నీ చేతికి అందాలి. మరీ వెనక్కి పెడితే మలుపు తిప్పేటప్పుడు తాడు ప్రొపెల్లర్ వైపు వచ్చేస్తుంది. కిందన తిరిగే బేస్ వేసుకుంటే ఒడ్డుకి వచ్చేటప్పుడు డౌన్‌రిగ్గర్ల చేతుల్ని లోపలికి తిప్పుకోవచ్చు. రాడ్ హోల్డర్ డౌన్‌రిగ్గర్‌కి కాస్త ముందు ఉండాలి. గుండు సోనార్‌లో గీతలా కనిపించేంత దగ్గర్లో దాని ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చేది పట్టే ముక్క) పెట్టుకో. డౌన్‌రిగ్గర్ మీది కౌంటర్ చెప్పేది బయటికి వదిలిన తాడు పొడవే, లోతు కాదు. పోటు మీద తాడు 45 డిగ్రీలు వెనక్కి వాలితే 100 అడుగులు వదిలినా గుండు ఉండేది 70 అడుగుల్లోనే.

ఇప్పుడు చెప్పబోయేది రెండుసార్లు చదువు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో, విడ్బీ దీవికి దక్షిణాన పొసెషన్ బార్ అనే మెట్ట ఉంది కదా, అక్కడ నీటి అడుగు ఉన్నట్టుండి పైకి లేస్తుంది. ఒక ఉదయం అక్కడ రెండో లైన్ చిక్కు విప్పుతూ సోనార్ చూడలేదు. గుండు అడుగున దేనికో తగులుకుంది. నా బ్రేక్ పూర్తిగా బిగించి ఉంది. పోటు ముందుకి తోస్తోంది, తాడు వెనక్కి పట్టి లాగుతోంది. కుడివైపు మూల కిందికి ఒరిగి, చల్లటి నీళ్ళు అంచు మీదుగా నా చెప్పుల్లోకి వచ్చాయి. చిన్న పడవ ఇలాగే మునుగుతుందని ఆ క్షణంలోనే తెలిసింది. మోటారు న్యూట్రల్‌లో వేసి, బ్రేక్ వదిలేశాను. తాడు గిర్రున పోయింది, మూల పైకి లేచింది. ఆ తర్వాత నెమ్మదిగా తిరిగి వెళ్ళి, తగులుకున్న చోటు దాటి అటువైపునుంచి లాగితే గుండు ఊడి వచ్చింది.

అందుకని, గుండు బరువుకి ఆగాలి, చేత్తో గట్టిగా లాగితే జారాలి. బ్రేక్ ఎప్పుడూ అంతే బిగించు. ఒడ్డున ఉన్నప్పుడే లాగి చూసుకో. తాడు తెంపే కట్టర్ ఒకటి ప్రతి డౌన్‌రిగ్గర్ పక్కనా కట్టి ఉంచు, పెట్టెలో వద్దు. గుండు పోతే పోయింది.

పడవ నీళ్ళలోకి దిగాక పని సులువే. ఎరని 15, 20 అడుగులు వెనక్కి వదిలి, సరిగ్గా తిరుగుతోందో లేదో చూసి, లైన్‌ని గుండు తాడు మీది క్లిప్‌కి తగిలించి నెమ్మదిగా దించు. తొందరపడితే ఎర ముందు మెరుస్తూ తిరిగే ఫ్లాషర్ పలక చిక్కుపడుతుంది. దించాక రాడ్ విల్లులా వంగేదాకా రీల్ బిగించు. చేప కొడితే క్లిప్ వదిలేస్తుంది, వంగిన రాడ్ టక్కున నిటారు అవుతుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నా చేతులు వణికాయి. ఇప్పటికీ వణుకుతాయి. వెంటనే వదులుగా ఉన్న లైన్ చుట్టేయాలి, పక్కనున్న మనిషి గుండు పైకి తెచ్చేయాలి.

గాలాల కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు ఉండకూడదు. ప్లయర్స్‌తో నొక్కెయ్. చేప పక్కకి రాగానే వీపు మీది పెద్ద రెక్కకీ తోకకీ మధ్య ఉండే చిన్న కండ రెక్క చూడు. అది కత్తిరించి ఉంటే హేచరీలో పెంచి వదిలిన చేప. ఉంటే అడవి చేప కిందే లెక్క. ప్యూజెట్ సౌండ్ చినూక్‌ని 1999లో అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం కింద చేర్చారు. అడవి చినూక్‌ని పడవలోకి ఎత్తకుండా నీళ్ళలోనే గాలం ఊడదీసి వదిలెయ్యాలి. అందుకే ప్లయర్స్ కూడా కట్టర్ పక్కనే వేలాడాలని చెప్తున్నా. ఏ ఏరియా ఎప్పుడు తెరిచి ఉందో బయల్దేరేరోజు పొద్దున్నే చూసుకో, మధ్యలో మార్చేస్తుంటారు.

శనివారం దాకా డ్రిల్ మిషన్ ముట్టుకోకు. ఆ పలకలు నా దగ్గర రెండు మిగిలాయి, తీసుకొస్తా. ముందు నువ్వు కికర్ దగ్గర కూర్చో, నేను పెన్సిల్‌తో గీత గీస్తాను. చేయి అందితేనే రంధ్రం వేద్దాం.

నీ మామ