గుడ్డు పెంకుతో అయ్యే ప్రయోగాన్ని బట్టీ పట్టిస్తున్నాం

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో మా వీధిలో ఉండే షాబాద్ బండల మేస్త్రి కూతురు పదో తరగతి చదువుతోంది. డౌట్లుంటే మా ఇంటికొస్తుంది. కాల్షియం కార్బొనేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిస్తే ఏ రకం చర్య అని మొన్న అడిగాను. "స్థానభ్రంశం సార్, గ్యాస్ వస్తది కదా" అంది. ఏళ్ల తరబడి ఇదే పాఠం చెప్పి రిటైరైన నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పిల్ల తప్పేం లేదు. జింకు మీద ఆమ్లం పోసినా బుడగలే వస్తాయి. అక్కడ జింకు హైడ్రోజన్‌ను వెళ్లగొట్టి దాని చోటు తీసుకుంటుంది, కాబట్టి అది స్థానభ్రంశం. కార్బొనేట్ సంగతి వేరు. ముందు రెండు సమ్మేళనాలూ తమ భాగాలు మార్చుకుని కాల్షియం క్లోరైడ్, కార్బోనిక్ ఆమ్లం అవుతాయి. ఇది ద్వంద్వ వియోగం. ఆ కార్బోనిక్ ఆమ్లం నిలవదు, వెంటనే నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఇది వియోగం. రెండు చర్యలు జరిగితే గానీ ఆ బుడగ రాదు. మండే పుల్ల పెడితే హైడ్రోజన్ టప్పుమంటుంది. కార్బన్ డయాక్సైడ్ పుల్లను ఆర్పేస్తుంది, సున్నపు తేటను పాలలా చేస్తుంది. ఇవి కళ్లారా చూసిన పిల్లకు గైడుతో పనేముంది?

మర్నాడు వాళ్ల నాన్న దగ్గర బండ ముక్క తెమ్మన్నాను. షాబాద్ బండ సున్నపురాయే, అంటే అందులో ఉన్నది ముఖ్యంగా కాల్షియం కార్బొనేటే. సిమెంటు మరకలు పోవడానికి ఆయన వాడే యాసిడ్ ఒక్క చుక్క దాని మీద వేశాను. బుస్సుమని నురగ లేచింది. పక్కన కార్బొనేట్ లేని గ్రానైటు ముక్క మీద వేస్తే ఉలుకూ పలుకూ లేదు. "నాయిన పనికాడ ఇది చిన్నప్పటిసంది చూస్తున్న సార్, పుస్తకంలది ఇదేనా?" అంది. ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి. బసంత్‌నగర్, దేవాపూర్ సిమెంటు బట్టీల్లో సున్నపురాయిలోంచి అదే వాయువు వట్టి వేడికే బయటికొస్తుందని, అది వియోగం మాత్రమేనని చెప్తే ఈసారి ఇట్టే పట్టుకుంది.

ల్యాబ్ సామాన్లు లేవనే మాట ఈ పాఠానికి చెల్లదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టిన రోజు పెంకులు కడిగి దాచండి. పెంకులో ఉన్నదీ కాల్షియం కార్బొనేటే, వెనిగరూ ఆమ్లమే. కిరాణా కొట్టు వెనిగర్‌లో వేస్తే బుడగలొస్తాయి. పాన్ డబ్బా సున్నం నీళ్లలో కలిపి, తేరాక పైనీళ్లు వంచుకుంటే అదే సున్నపు తేట. బోర్డు మీద రాసే సుద్దముక్క మాత్రం వాడొద్దు. ఇప్పుడు చాలావరకు జిప్సంతో చేసినవే, వాటికి బుడగలు రావు. బాత్రూం యాసిడ్ పిల్లల చేతికి ఇవ్వనే వద్దు.

జిల్లా విద్యాధికారులకు నా విన్నపం ఒకటే. "ఏ రకం?" అనే ఒక్క మార్కు బిట్టుతో సరిపెట్టకుండా, ఏ వాయువు వచ్చింది, ఎట్లా తెలుసుకున్నావు అని అడిగించండి. అప్పుడు బడిలో చూపించక తప్పదు. ఈ చుట్టుపక్కల ఏ సర్కారు బడి పిలిచినా వచ్చి చూపిస్తాను. సున్నపు తేట, వెనిగర్ సీసా నేనే తెచ్చుకుంటాను.

– ఒక విశ్రాంత సైన్స్ ఉపాధ్యాయుడు, హనుమకొండ