జిప్పుల విషయంలో తప్పు మాదే

మా దగ్గర బ్యాగులు కొన్నవాళ్లందరికీ,

చిన్న సైజు బ్యాగుల జిప్పులు నెల తిరక్కుండానే ఊడిపోతున్నాయని మీలో చాలామంది చెప్పారు. నిజమే. జిప్పులు పంపినవాళ్ల మీదకి నెట్టేయొచ్చు గానీ, శాంపిల్‌ని ఖాళీ బ్యాగుకి కుట్టించి, నాలుగుసార్లు లాగి చూసి సరేనన్నది నేనే. బ్యాగు నిండా సామాను కుక్కి లాగి చూడాలని తట్టలేదు.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. మొదటి ఫిర్యాదులు వచ్చేనాటికి సగం జిప్పులు ఇంకా మా దగ్గరే ఉన్నాయి. అప్పుడే ఆపేయాల్సింది. డబ్బు పెట్టేశాం కదా, పారేస్తే ఎలా అనిపించి మిగతావీ కుట్టించేశాను. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. నాటకాల సీజన్ టికెట్లు కొందరికి పూర్తి ధరకి, కొందరికి తగ్గింపు ధరకి అమ్మారట. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకి వచ్చారు. పెట్టిన డబ్బు అలా లాక్కొస్తుంది. వాళ్లు కనీసం నాటకాలైనా చూశారు, నేను పాడు జిప్పులు మీకు అంటగట్టాను.

కొత్త జిప్పులు కొనేముందు ఈసారి ‘ప్రీమార్టెమ్’ చేశాం. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు చెప్పిన పద్ధతి ఇది. పని మొదలుపెట్టకముందే అది పూర్తిగా చెడిపోయిందనుకుని, ఎందుకు చెడిందో ఎవరికి వాళ్లు కాగితం మీద రాయాలి. మా దగ్గర కుట్టే ఆవిడ ‘మూల తిరిగేచోట రన్నర్ పట్టేస్తుంది’ అని రాసింది. పాత జిప్పులప్పుడే గమనించిందట. మరి అప్పుడే చెప్పలేదేమమ్మా అంటే, “మీరు అప్పటికే సరే అనేశారు కదండీ” అంది.

అందుకే ఇప్పుడు అందరూ రాశాకే నేను నోరు విప్పుతున్నాను. ఎప్పుడు ఆపాలో కూడా ఆర్డరిచ్చే రోజే రాసిపెడుతున్నాం: వందలో మూడు బ్యాగులు తిరిగొస్తే ఆ సరుకు కుట్టడం ఆపేస్తాం, ఎంత మిగిలున్నా సరే. దారం రంగులాంటి వాటికి ఇంత తతంగం లేదు, నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు.

జిప్పు పాడైన బ్యాగుల్ని పంపండి. బిల్లు లేకపోయినా కొత్తది వేసిస్తాం, రానూపోనూ ఖర్చు మాదే. కుట్టేది ఇద్దరే కాబట్టి మూడు వారాలు పట్టొచ్చు. అవన్నీ అయ్యేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు.